వాడ పాట వేదికెక్కింది: ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ బ్యాండు కథ

హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే మన దగ్గర ముందుగా మొదలయ్యేది పాటల హడావుడి. ఏ సినిమా పాటకు ఎవరు డాన్సు చెయ్యాలి, డ్రెస్సులు ఎక్కడ అద్దెకు తేవాలి, మైకు సెట్టుకు ఎంతివ్వాలి అనే చర్చలతో రాత్రి స్టడీ అవర్ కాస్తా కరిగిపోతుంది. ఇందులో తప్పేమీ లేదు. అయితే అదే గదిలో డప్పు కొట్టడం చక్కగా వచ్చిన తమ్ముడు ఒకడుంటాడు. ఆ సంగతి పైకి చెప్పడు. తాత కొట్టిన డప్పు, నాన్న కొట్టిన డప్పు. చావుకీ జాతరకీ పిలిచి కొట్టించుకుని, ఇన్ని గింజలు పోసి, దూరంగా నిలబెట్టిన డప్పు. చదువుకుంటున్నవాడు దాన్ని చేతబట్టి స్టేజీ ఎక్కితే నలుగురూ ఏమనుకుంటారో అని వాడి బెరుకు.

ఆ బెరుకును పక్కన పెట్టి, వాడలో మోగే వాద్యాలను ఎలక్ట్రిక్ గిటారు పక్కన నిలబెట్టి, వేలమంది ముందు పాడిన ఒక బ్యాండు మన పొరుగున చెన్నైలో పుట్టింది. దాని పేరు ‘ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’, అంటే కులం లేని సమూహం. 2018 జనవరి 6న దాని తొలి ప్రదర్శన జరిగింది. అది ఎలా పుట్టింది, ఏం పాడింది, పేరు వచ్చాక ఏమైంది, అందులో మనం నేర్చుకోవలసినది ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

బ్యాండు అంటే?

బ్యాండు అనగానే మనకు గుర్తొచ్చేది పెళ్ళి ఊరేగింపు ముందు రంగు కోట్లు వేసుకుని బాకాలు ఊదే బ్యాండు మేళం. రాక్ బ్యాండు వేరు. అందులో సాధారణంగా నలుగురైదుగురు ఉంటారు. డ్రమ్స్ వాయించేవారు లయ నిలబెడతారు. బేస్ గిటారు ఆ లయకు కింది స్థాయిలో బరువునిస్తుంది. లీడ్ గిటారు మధ్యమధ్య రాగాన్ని ఎత్తుకుంటుంది. గాయకులు పాడతారు. సినిమాలో కథకు తగ్గట్టు, హీరోకి తగ్గట్టు పాట తయారవుతుంది. బ్యాండులో అయితే చెప్పదలుచుకున్నది తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని, తామే జనం ముందు పాడతారు.

రాక్ సంగీతం వేర్లు అమెరికాలోని నల్లజాతి ప్రజల బ్లూస్ పాటల్లో, చర్చి పాటల్లో ఉన్నాయి. బానిసత్వం అనుభవించిన వాళ్ళ పిల్లలూ మనుమలూ పొలాల్లో, ప్రార్థన మందిరాల్లో పాడుకున్న పాటల నుంచే ఆ లయ వచ్చింది. సిస్టర్ రోసెట్టా థార్ప్, చక్ బెర్రీ వంటి నల్లజాతి కళాకారులు గిటారుతో దానికొక రూపం ఇచ్చారు. ‘హౌండ్ డాగ్’ అనే పాటను మొదట 1952లో రికార్డు చేసింది బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అనే తెల్లజాతి గాయకుడు అదే పాట పాడి ఊగించాడు. ఇవాళ్టికీ ఆ పాట పేరు చెబితే చాలామందికి ఎల్విస్సే గుర్తొస్తాడు. ఈ విషయం మనసులో పెట్టుకోండి. ముందు ముందు మళ్ళీ అవసరం పడుతుంది.

ఉత్తర చెన్నై, గానా పాట

చెన్నై అంటే మెరీనా బీచి, సినిమా స్టూడియోలు మాత్రమే కాదు. రాయపురం, వ్యాసర్పాడి, పులియాంతోపు, పెరంబూరు వంటి పేటలున్న ఉత్తర చెన్నై ఒకటుంది. ఓడరేవు కూలీలు, మిల్లు కార్మికులు, చేపలు పట్టేవాళ్ళు, పారిశుద్ధ్య కార్మికులు ఉండే చోటు అది. పెరంబూరులోని బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికుల పోరాటాల్లోంచే 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. ఆ నగరానికి పొట్ట చేతబట్టుకుని వెళ్ళిన మనవాళ్ళూ తక్కువేమీ కాదు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాల వాళ్ళే.

ఆ పేటల్లో పుట్టిన పాటే ‘గానా’. చావు ఇంట శవం దగ్గర రాత్రంతా మెలకువగా కూర్చుని, పోయినవాడి మంచీ చెడ్డా, ఉన్నవాళ్ళ బతుకు బరువూ కలిపి పాట కడతారు. దాన్ని ‘మరణ గానా’ అంటారు. ప్రేమ మీద, ఆకలి మీద, జైలు మీద, ఎగతాళిగా కూడా పాడతారు. డోలక్కు ఉంటే సరే, లేకపోతే ఏ డబ్బాయో బల్లో చాలు. రాసిపెట్టుకున్న పుస్తకం ఉండదు, గురువు దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్న శిక్షణ ఉండదు. వినీ వినీ, పాడీ పాడీ వచ్చే విద్య.

1990ల్లో సంగీత దర్శకుడు దేవా గానా బాణీలను తమిళ సినిమాల్లోకి తెచ్చి బాగా ప్రచారం చేశారు. పాటకు పేరొచ్చింది గాని, పేటకు గౌరవం రాలేదు. సినిమాలో గానా అంటే తాగి చిందులేసే పాట, రౌడీల పాట అన్న ముద్ర పడింది. దానిలో ఉన్న దుఃఖం, కోపం తెర మీదికి పెద్దగా రాలేదు.

ఎవరు కలిపారు? ఎలా కలిశారు?

పా. రంజిత్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. ‘మద్రాస్’ (2014), ‘కబాలి’ (2016), ‘కాలా’ (2018) సినిమాల దర్శకుడు. దళిత కుటుంబంలో పుట్టి, చెన్నై ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదువుకున్నారు. తాను దళితుడినని దాచుకోకుండా సినిమాలు తీసే మనిషి. ఆయన ఏర్పాటు చేసిన నీలం సాంస్కృతిక కేంద్రం తరఫున, కులాన్ని ప్రశ్నించే పాటలకు ఒక బృందం ఉండాలన్న ఆలోచన చేశారు. సంగీతం వైపు బాధ్యత తెన్మా అనే కళాకారుడు తీసుకున్నారు. తెన్మా అంతకు ముందు ‘కురంగన్’ అనే తమిళ బ్యాండులో పనిచేసినవారు, ‘మద్రాస్ రికార్డ్స్’ సంస్థ నడిపినవారు.

2017 చివర్లో కళాకారుల కోసం వెతుకులాట మొదలైంది. వందమందికి పైగా వచ్చి పాడి, వాయించి చూపించారు. వాళ్ళలోంచి 19 మందిని తీసుకున్నారు. గానా పాడేవాళ్ళు ముత్తు, బాలచందర్, ఇసైవాణి. ర్యాప్ పాడే అరివు. డోలక్కు, పరై, తవిల్, చట్టి వాయించేవాళ్ళు. వాళ్ళతోపాటు డ్రమ్స్, గిటారు నేర్చిన నగర కుర్రాళ్ళు. ఒకరిది చావిడి చదువు, ఒకరిది సంగీతం క్లాసు చదువు. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి పాటలు కట్టించారు.

చెన్నై కీల్పాక్‌లోని ఒక స్కూలు మైదానంలో తొలి ప్రదర్శన జరిగింది. టిక్కెట్టు లేదు. వేలమంది వచ్చారు. బృందం మొత్తం బూడిద రంగు సూట్లు వేసుకుని వేదిక ఎక్కింది. గానా పాడేవాడు లుంగీ ఎగగట్టి, చొక్కా గుండీలు విప్పుకుని ఉంటాడని సినిమా నేర్పిన అలవాటు ఆ రోజు ఒక్క దెబ్బకు పోయింది. అంబేద్కర్ గారు సూటు ఎందుకు వేసుకున్నారో తెలిసినవాళ్ళకు ఆ దుస్తుల అర్థం వేరే చెప్పనక్కర లేదు.

ఆ పేరు వెనక చరిత్ర

‘కులం లేని’ అన్న మాట ఇంగ్లీషు ఫ్యాషన్ కోసం పెట్టింది కాదు. తమిళ దళిత మేధావి అయోతిదాస్ పండితర్ (1845–1914) సిద్ధ వైద్యుడు, బౌద్ధాన్ని తిరిగి నిలబెట్టినవాడు. 1907లో ‘ఒరు పైసా తమిళన్’ అనే వారపత్రిక ప్రారంభించాడు. 19వ శతాబ్దం చివర్లో జనాభా లెక్కలు తీస్తున్నప్పుడు, అంటరానివారు అన్న పేరుతో కాక ‘జాతి ఇల్లాద తమిళర్’, అంటే కులం లేని తమిళులుగా నమోదు చేసుకోండని తన ప్రజలకు చెప్పాడు. బ్యాండు ఆ మాటనే పేరుగా తీసుకుంది.

మన దగ్గరా ఇలాంటి పని జరిగింది. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు భాగ్యరెడ్డి వర్మ గారు అధ్యక్షత వహించారు. మేము పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్ళం అంటూ ‘ఆది ఆంధ్ర’ అన్న పేరు పెట్టుకున్నది ఆ సభతోనే. ఎవరో పెట్టిన పేరును తోసేసి, మన పేరు మనం పెట్టుకోవడం ఎంత పెద్ద పనో ఈ రెండు ఉదాహరణలూ చెబుతాయి.

పరై పక్కన గిటారు

ఇక సంగీతం సంగతి. పరై మన డప్పుకు దగ్గరి చుట్టం. గుండ్రటి చెక్క చట్రానికి తోలు బిగిస్తారు. వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. వేడికి తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది, శబ్దం ఖంగుమంటుంది. మనవాళ్ళు కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టినట్టే, పరైకీ ఒక పొట్టి పుల్ల, ఒక సన్నటి పొడుగు పుల్ల ఉంటాయి. పరై కొట్టే వాళ్ళ కులం పేరు దాని మీదే వచ్చింది. ఆ పేరునే ఇంగ్లీషువాళ్ళు ‘పరయా’ చేసి, వెలి అయినవాడు అన్న అర్థంలో తమ నిఘంటువులో పెట్టుకున్నారు. ఒక వాద్యం పేరు ప్రపంచానికంతా తిట్టుగా తెలిసిందంటే, ఆ వాద్యాన్ని సగౌరవంగా వేదిక ఎక్కించడం ఎంత అవసరమో ఆలోచించండి.

పరైనీ గిటారునూ కలపడం అంత తేలికైన పని కాదు. పరై ఆరుబయట ఊరంతా వినబడేలా చేసిన వాద్యం, దానికి మైకు అక్కర్లేదు. ఎలక్ట్రిక్ గిటారుకు ఆంప్లిఫయర్ లేకపోతే పక్కవాడికి కూడా వినబడదు. రెండూ ఒకేసారి మోగితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. అందుకే ఏది ఎప్పుడు మోగాలో, ఏది ఎప్పుడు ఆగాలో ముందుగా అనుకోవాలి. గానా గాయకుడు జనం ఊపును బట్టి చరణం సాగదీస్తాడు. డ్రమ్స్, గిటారు వాళ్ళకు లెక్క కావాలి. ఒకరి పద్ధతికి ఇంకొకరు అలవాటు పడేదాకా సాధన తప్ప మార్గం లేదు. ‘కలెక్టివ్’ అన్న మాటకు అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది. ఇందులో ఒక్కడే హీరో ఉండడు.

ఏం పాడారు?

ఈ బ్యాండు పాటల్లో మన హాస్టల్ విద్యార్థులకు బాగా దగ్గరగా ఉండేది ‘కోటా’ పాట. రిజర్వేషన్ గురించి పాట కట్టడమేమిటి అనిపించవచ్చు. కాలేజీలో సీటు వచ్చిన మొదటి వారంలోనే ‘నీ ర్యాంకెంత? కోటాలో వచ్చావా?’ అన్న ప్రశ్న ఎదురుకాని వాళ్ళు మనలో ఎందరున్నారు? ఆ ప్రశ్నకు జవాబు మనకు తెలుసు. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచిన వాళ్ళకు రాజ్యాంగం కల్పించిన హక్కు అది. కానీ నలుగురిలో అడిగినప్పుడు నోరు పెగలదు. జవాబును వ్యాసంగా చెబితే వినేవాడు విసుక్కుంటాడు. లయ కట్టి, వెటకారం కలిపి, పదిమందితో చప్పట్లు కొట్టిస్తూ చెబితే అడిగినవాడు కూడా చివరిదాకా వింటాడు. పాట చేసే పని ఇదీ.

తినే తిండి మీద పెట్టే ఆంక్షల గురించి, ఉత్తర చెన్నై గురించి, అంబేద్కర్ గారి గురించి కూడా పాడారు. చావు దగ్గర ఏడుపుగా, సినిమాలో అల్లరిగా మిగిలిన గానా ఇక్కడ వాదన అయింది.

పేరు వచ్చాక

మొదటి ప్రదర్శనతోనే దేశ విదేశాల పత్రికలు ఈ బ్యాండు గురించి రాశాయి. దానితోపాటు అందులోని వాళ్ళూ ఎదిగారు. వారిలో ఇద్దరి గురించి చెప్పుకోవాలి.

ఇసైవాణి రాయపురం అమ్మాయి. తండ్రి కీబోర్డు వాయించేవారు. చిన్నప్పటి నుంచి వేదికల మీద పాడింది. గానా మొదటి నుంచీ మగవాళ్ళ పాట. ఆడపిల్ల పాడితే వింతగా చూసేవాళ్ళు. అలాంటి చోట నిలబడి పాడిన ఆమెను బీబీసీ 2020లో ప్రపంచంలోని వందమంది స్ఫూర్తిదాయక మహిళల జాబితాలో చేర్చింది. మెచ్చుకోలుతోపాటు దెబ్బలూ తగిలాయి. 2024 నవంబరులో ఒక పాత పాటను పట్టుకుని ఆమెకు బెదిరింపులు వచ్చాయి. ప్రశ్నించే పాట పాడితే చప్పట్లతో ఆగదని ఆమె అనుభవం చెబుతోంది.

అరివుది అరక్కోణం. 2019లో ‘తెరుక్కురళ్’ అనే ఆల్బమ్ చేశాడు. 2021 మార్చిలో ‘ఎంజాయ్ ఎంజామి’ పాట వచ్చింది. మన ఊళ్ళలో కూడా ఆ పాట మోగని పెళ్ళి లేదు. శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసిన తన అమ్మమ్మ బతుకు నుంచి, భూమి లేని వాళ్ళ చరిత్ర నుంచి అరివు రాసిన పాట అది. సంగీతం సంతోష్ నారాయణన్, పాడింది గాయని ధీ, అరివు. 2021 ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ఆ పాట గురించి చెబుతూ వేసిన ముఖచిత్రంలో అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించారు, పెద్ద దుమారం రేగింది. తర్వాత ఆ పత్రిక అరివుతో వేరుగా డిజిటల్ ముఖచిత్రం విడుదల చేసింది. 2022 జులైలో చెన్నై చదరంగ ఒలింపియాడ్ ప్రారంభోత్సవంలో ఆ పాట పాడినప్పుడు కూడా వేదిక మీద అరివు లేడు. పాట ఎవరిది అన్న చర్చ మళ్ళీ మొదలైంది. ఇందాక చెప్పిన బిగ్ మామా థార్న్‌టన్ సంగతి ఇక్కడ గుర్తు చేసుకోండి. పాట జనంలోకి వెళ్ళినంత సులువుగా పాటగాడి పేరు వెళ్ళదు.

ఈ ప్రయాణంలో ఇంకో మెట్టు ‘మార్గళియిల్ మక్కళిసై’, అంటే మార్గళిలో జన సంగీతం. డిసెంబరు నెలలో చెన్నై సభల్లో కర్ణాటక సంగీత కచేరీలు జరగడం దశాబ్దాల ఆచారం. ఆ వేదికల మీద పరైకీ గానాకూ చోటు దొరకడం కష్టం. అందుకని నీలం సంస్థ 2020 డిసెంబరులో అదే నెలలో జానపద, గానా, పరై కళాకారులతో తమ సొంత ఉత్సవం మొదలుపెట్టింది. పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా వేదికనే కట్టుకున్నారు.

మన సంగతి

మనకు ఇది కొత్త దారి అనుకోనక్కర లేదు. 1970ల నుంచి గద్దర్ గారు, జననాట్యమండలి డప్పును పట్టుకునే తెలుగు నేలంతా తిరిగారు. 2023 ఆగస్టు 6న ఆయన చనిపోయినప్పుడు ఆ గొంతు విలువ ఏమిటో అందరికీ తెలిసింది. 1994లో మాదిగ దండోరా తన పేరునే డప్పు చాటింపు నుంచి తీసుకుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే మొగిలయ్య గారు 2024లో కూలి పనికి వెళ్తున్న వీడియో చూసి అందరం బాధపడ్డాం. కళకు దండ వేయడం వేరు, కళాకారుడికి కూడు దొరకడం వేరు. ఈ రెండూ కలిసేలా చూసుకోవడం మన తరం పని.

అందుకు హాస్టల్ స్థాయిలోనే కొన్ని పనులు చెయ్యవచ్చు.

1. ప్రతి హాస్టల్లో పాడేవాళ్ళు, రాసేవాళ్ళు, డప్పు, డోలక్కు, కంజీర వాయించేవాళ్ళు ఉంటారు. ముందు వాళ్ళ జాబితా తయారు చేయండి. ‘ఎవరికి ఏమొచ్చు’ అని అడిగితేనే బయటపడతారు.

2. వార్షికోత్సవంలో కనీసం ఒక పాట మనవాళ్ళే రాసి, బాణీ కట్టి, వాయించినది ఉండాలి. మెస్ గురించైనా సరే, బస్ పాస్ గురించైనా సరే. ఖరీదైన గిటారు లేకపోయినా నష్టం లేదు.

3. చెల్లెళ్ళ హాస్టళ్ళలో కూడా ఈ పని జరగాలి. డప్పు ఆడపిల్లలకు ఎందుకు అనేవాళ్ళకు ఇసైవాణి కథ చెప్పండి.

4. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు తాత దగ్గర ఉన్న దరువులు, అమ్మమ్మ పాడే నాట్ల పాటలు ఫోనులో రికార్డు చేసుకోండి. ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ తేదీయో తప్పక రాసిపెట్టండి.

5. పాట కాగితం మీద రాసిన వెంటనే కింద రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు, తేదీ వెయ్యండి. మన దేశంలో కాపీరైటు చట్టం 1957 నాటిది. దాని ప్రకారం సొంతంగా పాట రాసి పెట్టుకోగానే రాసినవారికి హక్కు వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2012లో చేసిన సవరణ పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటాను మరింత గట్టి చేసింది. ఎవరైనా కాగితాలు తెచ్చి సంతకం పెట్టమంటే, చదవకుండా, తెలిసిన సీనియర్‌ని అడగకుండా పెట్టవద్దు.

6. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ హాస్టల్‌కు ఏదైనా ఇవ్వాలనుకున్నప్పుడు పుస్తకాలు, ఫ్యాన్లతోపాటు ఒక మంచి డప్పు, ఒక డోలక్కు, ఒక మైకు కూడా ఆలోచించండి.

ఆ బ్యాండుకు 19 మంది దొరికారు. మన హాస్టళ్ళలో అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. వాళ్ళను ఒకచోట కూర్చోబెట్టడమే మిగిలిన పని. వచ్చే ఏడాది ఈ సంచికలో అలాంటి ఒక పాటల బృందం ఫొటో, దాని కింద పేరుపేరునా అందరి పేర్లూ చూడాలని కోరుకుంటూ,

జై భీమ్.